ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు చూడకుండా పాత ఆర్‌ఎక్స్ 100 కొనకండి: నాకు జరిగిన మోసం

నిన్న సాయంత్రమే మెకానిక్ షెడ్డు నుంచి వచ్చాను. కోపం ఇంకా చల్లారలేదు, కానీ ఈ వారంలోనే మరొకరు డబ్బు పట్టుకుని ఆ అమ్మకందారు దగ్గరికి వెళ్తారేమోనన్న భయంతో ఆగకుండా రాస్తున్నాను. పాత యమహాలకు రంగులు వేయించి విజయవాడలో అమ్మే ఆయన ఎవరో ఈ బళ్ల కోసం తిరిగే వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు, పేరు కూడా రాయను. ఆర్‌ఎక్స్ 100 అనేది 1985లో మొదలై 1996లో తయారీ ఆగిపోయిన యమహా బైకు కాబట్టి మంచిది దొరకడం కష్టమని నాకు తెలుసు. మా నాన్నగారు నడిపిన నల్ల ఆర్‌ఎక్స్ 100ని 2003లో అమ్ముకున్నాం. అలాంటిదే 1995 మోడల్ కనబడేసరికి బేరం కూడా గట్టిగా ఆడకుండా 85 వేలు ఇచ్చేశాను.

ఉదయం ఆరింటికే వస్తానంటే ఆయన వద్దని, పదకొండు తరవాత రమ్మన్నాడు. నేను వెళ్లేసరికి బండి తుడిచి వాకిట్లో నిలబెట్టి ఉంది. ఒక్క కిక్కుకే స్టార్టయింది. సిలిండరు రెక్కల దగ్గర చెయ్యి పెడితే సుర్రుమంది. ఎందుకింత వేడిగా ఉందని అడిగాను కూడా. "మీకు దారిలో ఇబ్బంది ఉండకూడదని ఇప్పుడే బంకుకు వెళ్లి రెండు లీటర్లు పోయించుకొచ్చానండీ" అన్నాడు. ఆ మాటకు నేను కృతజ్ఞతలు చెప్పాను. ఈ మొత్తం వ్యవహారంలో నన్ను ఎక్కువగా బాధపెడుతున్నది అదే. అబద్ధం చెప్పినవాడికి నా నోటితో నేనే దండం పెట్టాను. మంగళగిరి చేరేలోపే బండి రిజర్వులోకి వచ్చింది. రెండు లీటర్లు పోసిన బండి అంత దగ్గరలో రిజర్వుకు రాదన్న సంగతి ఆ క్షణంలోనే తట్టి ఉంటే వెనక్కి తిప్పేవాడిని. కానీ అక్కడ పెట్రోలు పోయించాక కూడా ఒక్క కిక్కుకే లేచింది, అంతటితో నా అనుమానం పోయింది.

మర్నాడు పొద్దున చోక్ లాగి మొదలుపెడితే నలభై కిక్కులు దాటినా లేవలేదు. చివరికి లేచినప్పుడు మా వీధి మొత్తం తెల్లటి పొగ కమ్మింది, ఎదురింటి పిన్నిగారు కిటికీలు మూసుకున్నారు. అరగంట నడిపి ఆపి మళ్లీ కొడితే మాత్రం ఒక్క కిక్కే. మూడు రోజులు ఇదే తంతు. రాత్రంతా ఆగితే మొరాయిస్తుంది, వేడి మీద ఉంటే ఏ లోపమూ కనబడదు.

గుంటూరులో మా పేట మెకానిక్ బాబాయి ముప్పై ఏళ్లుగా ఈ బళ్లే చూస్తున్నాడు. బండి స్టార్టవకపోతే కార్బురేటరు విప్పేసే అలవాటు ఆయనకు లేదు. ముందు ఇంజిన్‌లో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు ఊడదీసి చూశాడు. అది పొడిగా ఉంటే పెట్రోలు అందడం లేదని, పెట్రోలుతో తడిసి ఉంటే మంట రావడం లేదనో పెట్రోలు ఎక్కువ దిగుతోందనో అనుకోవాలట. మా ప్లగ్గు ఆ రెండు రకాల్లోనూ లేదు, నల్లగా జిడ్డు నూనె పట్టి ఉంది. దాన్ని కడిగి ఆరబెట్టి, క్యాపుకు తగిలించి, ఇంజిన్ లోహానికి ఆనించి కిక్కు కొడితే నీలం మంట గట్టిగానే వచ్చింది. అంటే ప్లగ్గుకు కరెంటు పంపే కాయిల్, సీడీఐ బాగున్నట్టే. కార్బురేటరు కింది గిన్నె స్క్రూ వదులు చేస్తే పెట్రోలు ధారగా కారింది. కిక్కు మీద నెమ్మదిగా బరువు వేసి నిలబడితే దిగిపోకుండా ఆగింది, కాబట్టి పిస్టన్ రింగులు పూర్తిగా పోలేదు. మిగిలింది నూనె ఎక్కడి నుంచి వస్తోందన్న ప్రశ్న.

పెట్రోలుతో కలిసి కాలే టూటీ ఆయిల్‌ను దాని పంపు ఎక్కువ పోస్తోందేమోనని ముందు దాని కేబుల్ గుర్తు సరిచూశాడు, సరిగ్గానే ఉంది. అప్పుడు గేరాయిల్ దింపేసి, కొత్తది కొలిచి పోసి, నాలుగు రోజులు నడిపి తీసుకురమ్మన్నాడు. తీసుకెళ్లాక మళ్లీ దింపి కొలిస్తే దాదాపు 150 మిల్లీలీటర్లు తక్కువ వచ్చింది. బండి నిలబెట్టిన చోట నేల మీద ఒక్క చుక్క మరక లేదు. బయటికి కారని నూనె లోపలే కాలిపోయిందన్నమాట.

తెలియనివారి కోసం కారణం కూడా చెబుతాను. టూ స్ట్రోక్ ఇంజిన్‌లో పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం ముందు పిస్టన్ కింద ఉండే క్రాంక్ గదిలోకి వచ్చి, పిస్టన్ దిగేటప్పుడు అక్కడ ఒత్తిడికి గురై పైకి వెళ్తుంది కాబట్టి ఆ గదిలోకి బయటి గాలిగానీ నూనెగానీ చొరబడకూడదు. అందుకే ఆ గదిలో తిరిగే క్రాంక్ ఇరుసుకు రెండు వైపులా రబ్బరు సీళ్లు ఉంటాయి. మ్యాగ్నెట్ వైపు సీలు పోతే బయటి గాలి దూరి మిశ్రమం పలచబడుతుంది. క్లచ్ వైపు సీలు పోతే గేరాయిల్ లోపలికి చేరుతుంది. నా బండికి పోయింది క్లచ్ వైపుదే. రాత్రంతా నిలబడితే గేరాయిల్ మెల్లగా ఇంకి క్రాంక్ గదిలో చేరుతుంది, పొద్దున కిక్కు కొట్టగానే పైకెగసి ప్లగ్గును ముంచుతుంది. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు నూనె చేరడానికి వ్యవధి ఉండదు, వేడెక్కిన ప్లగ్గు ఉన్న కాస్తనూ కాల్చేసుకుంటుంది. నన్ను పదకొండు తరవాతే రమ్మనడానికి కారణం నాకు అప్పుడు అర్థమైంది.

అయినా ఆయనకు తెలియకపోయి ఉండవచ్చేమోనని మనసులో ఒక మూల అనుకుంటూనే ఉన్నాను. ప్లగ్గు స్పానరు కోసం బాబాయి బండితో వచ్చిన టూల్ సంచి విప్పాడు. అందులో గుడ్డపీలికలో చుట్టి ఏడు పాత ప్లగ్గులు ఉన్నాయి, ఏడూ నల్లగా జిడ్డోడుతూ ఉన్నాయి. బాబాయి వాటిని బల్ల మీద వరసగా పేర్చి, "తెలిసే అమ్మాడు అబ్బాయ్, ప్లగ్గు మార్చుకుంటూ నెట్టుకొచ్చాడు" అన్నాడు.

అక్కడి నుంచే ఫోన్ చేశాను. డబ్బు వెనక్కి అడగలేదు, కొట్లాటకు దిగలేదు, సీలు పోయిందట, ఖర్చులో సగం భరించండి అని మర్యాదగానే అడిగాను. డబ్బు చేతిలో పడేదాకా ప్రతి మాటకూ "అండీ" తగిలించి, మా ఆవిడ ఆరోగ్యం కూడా కనుక్కున్న ఆ మనిషి, "నీకు కిక్కు కొట్టడం చేతకాకపోతే నేనేం చేస్తాను? ముప్పై ఏళ్ల బండి పొద్దున్నే చెయ్యి తగిలిస్తే లేస్తుందనుకున్నావా?" అన్నాడు. ప్లగ్గుల సంగతి ఎత్తగానే ఒక్క క్షణం మాట ఆగింది. ఆ తరవాత "అవి నీ మెకానికే పెట్టుంటాడు" అని ఫోన్ పెట్టేశాడు. మళ్లీ చేస్తే తియ్యలేదు. డబ్బు పోయిన బాధ కొన్నాళ్లకు తగ్గుతుందేమో. కానీ నన్ను "నువ్వు" అనడానికి, ముప్పై ఏళ్లుగా నిజాయతీగా బతుకుతున్న బాబాయి మీద నింద వేయడానికి ఆయనకు నోరెలా వచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కావడం లేదు. స్పీకరులో అదంతా విన్న బాబాయి ఒక్క మాటా అనకుండా పక్క బండి పని చూసుకోవడానికి వెళ్లిపోయాడు.

సీళ్ల ధర కొన్ని వందలే. అయితే ఇంజిన్ దించి, రెండుగా విప్పి, ఎలాగూ విప్పాం కాబట్టి క్రాంక్ బేరింగులు కూడా మార్చి బిగించేసరికి 14 వేలు అవుతుందని తేలింది. బండి ఇంకా షెడ్డులోనే ఉంది. తప్పులో నాకూ వాటా ఉంది. చెయ్యి కాలినా చల్లారేదాకా ఆగుదామని అనలేదు, ఇరవై నిమిషాల దూరంలో ఉన్న తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకెళ్లలేదు, నాన్నగారి బండి గుర్తుకొచ్చి కళ్లు మూసుకుపోయాయి.

వెళ్లబోయే వాళ్లు కనీసం ఇవి చూడండి. ముందు రోజు రాత్రి నుంచి బండి తీయవద్దని చెప్పి పొద్దున్నే వెళ్లండి, ఇంజిన్ వేడిగా ఉంటే ఎంత సేపైనా కూర్చుని చల్లారాకే మొదటి కిక్కు మీరే కొట్టండి. కాయిల్ బలహీనపడిన బళ్లు దీనికి తలకిందులుగా, చల్లగా ఉన్నప్పుడు లేచి, వేడెక్కి ఆపాక మొరాయిస్తాయి కాబట్టి అరగంట నడిపి ఆపి మళ్లీ కొట్టి చూడండి. ప్లగ్గు మరీ కొత్తగా మెరుస్తుంటే ఎప్పుడు మార్చారో, ఎందుకు మార్చారో అడగండి. గేరాయిల్ మట్టం చూడండి. డబ్బు చేతికిచ్చే ముందు టూల్ సంచి కూడా విప్పించి, అందులో ఏముందో చూడండి.