నెవాడా 50వ నంబరు రహదారి: ఆరేళ్లు, ఎనిమిది ఒంటరి ప్రయాణాలు

అమెరికాను అడ్డంగా దాటే ఈ రోడ్డు కాలిఫోర్నియాలోని వెస్ట్ శాక్రమెంటోలో మొదలయ్యే చోట 'ఓషన్ సిటీ 3,073 మైళ్లు' అన్న బోర్డు కనిపిస్తుంది. ఆ అట్లాంటిక్ ఒడ్డు దాకా నేనెప్పుడూ వెళ్లలేదు. ఆరేళ్లలో ఎనిమిదిసార్లు వెళ్లింది నెవాడాలో ఫాలన్ నుంచి ఈలీ దాకా ఉన్న 250 మైళ్ల పైచిలుకు ముక్కకే, దాని నుంచి చీలే మట్టిదారులకే. ప్రతిసారీ ఒక్కణ్ణే.

1986లో లైఫ్ పత్రిక దీన్ని అమెరికాలోకెల్లా ఒంటరి రోడ్డు అంది. ఆ మాట విని జంకనక్కర్లేదు. తారు నున్నగా ఉంటుంది, మామూలు కారు చాలు. లెక్క పెట్టుకోవలసింది దూరాలనే: ఫాలన్ నుంచి ఆస్టిన్ 110 మైళ్లు, అక్కడి నుంచి యురేకా 70, మళ్లీ ఈలీకి 77. మధ్యలో పెట్రోలు దొరుకుతుందని ఆశ పెట్టుకోకూడదు. ముల్లు సగం దగ్గర ఉన్నా సరే, ప్రతి ఊళ్లోనూ ట్యాంకు నింపుతాను. శాకాహారులు తిండి ఇంటి నుంచే తెచ్చుకోవాలి. రెండు రోజుల పులిహోర, తర్వాత అటుకులు, ఇదే నా ఏర్పాటు.

రోడ్డు కొండ ఎక్కుతుంది, దిగుతుంది, దారం పట్టి గీసినట్టు లోయను దాటుతుంది, మళ్లీ కొండ. ఇక్కడి వాగులేవీ సముద్రం చేరవు. లోయల్లోనే ఇంకి, ఆవిరై, తెల్లటి చౌడు మిగులుస్తాయి. మొదటిసారి అంతా ఒకేలా అనిపించింది. నాలుగోసారికి ఏ కనుమ ఏదో దూరం నుంచే గుర్తుపట్టాను. తొందర లేనివాళ్లు ఫాలన్, ఆస్టిన్‌ల మధ్య ఉన్న మిడిల్‌గేట్ దాటగానే 722 నంబరు దారి పట్టాలి. పాత 50వ నంబరు రోడ్డు అదే. క్యారల్ కనుమ మీదుగా ఆస్టిన్ వైపు తీసుకువెళ్తుంది. ఒకసారి దాని పొడవునా నాకు ఒక్క వాహనమూ ఎదురుకాలేదు.

అసలు పరీక్ష కంకర దారుల్లోనే. రెండో ప్రయాణంలో మానిటర్ లోయ మీదుగా బెల్మాంట్‌కు దిగుతున్నాను. 1905 దాకా అది నై కౌంటీకి కేంద్రం. 1876 నాటి ఇటుకల న్యాయస్థానం ఇంకా నిలబడే ఉంది. రోడ్డు రేకుల కప్పులా మడతలు మడతలుగా ఉంటే నేను వేగం తగ్గించలేదు. తప్పు నాదే. పదునైన రాయి వెనక టైరు పక్కగోడను బొటనవేలంత చీల్చింది. జాకీ తిప్పితే కారు లేవడానికి బదులు జాకీయే కంకరలోకి దిగబడింది. బల్లపరుపు రాయి వెతికి తెచ్చి దాని కింద పెట్టేసరికి గంట గడిచింది. కారుతో వచ్చిన సన్నటి స్టెప్నీ బిగించి, బెల్మాంట్ దాకా ప్రాణాలు అరచేతిలో పెట్టుకొని నడిపాను. దారిలో ఎదురైన పశువుల కాపరి ట్రక్కు ఆపి, టైరు సంగతి తర్వాత, ముందు నీళ్లు ఉన్నాయా అని అడిగాడు. ఆ ప్రశ్న నేను మరిచిపోలేదు.

అప్పటి నుంచి పూర్తి సైజు స్టెప్నీ, పక్కగోడ మందంగా ఉండే టైర్లు, జాకీ కిందికి అడుగు వెడల్పు చెక్క, గాలి పంపు, 20 లీటర్ల నీళ్లు లేకుండా తారు దిగలేదు. కంకర మీద గాలి కొంత తగ్గిస్తే కుదుపు సగానికి సగం పోతుంది. టైరు కూడా రాళ్లకు ఓర్చుకుంటుంది. మళ్లీ తారెక్కగానే నింపాలి. ఊళ్లు దాటితే ఫోను పని చేయదు. కాగితం మ్యాపు, ఉపగ్రహ సందేశ పరికరం రెండూ ఉండాలి. వాన పడితే మట్టిదారి మొహం కూడా చూడవద్దు. నల్లరేగడిలో పెరిగిన నాకే ఆ చౌడు బురద బండిని ఎలా పట్టేస్తుందో తెలియడానికి ఒక పూట పట్టింది.

వెళ్లవలసిన కాలం మే చివర, లేదా సెప్టెంబరు. ఆస్టిన్ కనుమ 7,484 అడుగుల ఎత్తు. జూన్‌లో కూడా ఒక ఉదయం అద్దం మీద మంచు గీరాను. ఆ రాత్రి ప్రభుత్వ భూమిలో రుసుము లేకుండా కారులోనే పడుకున్నాను. తెల్లవారి బయటకు దిగితే బూటు కింద నలిగిన సేజ్‌బ్రష్ పొద నుంచి ఘాటైన వాసన. రెండు ఆకులు చిదిమి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. మన దవనం దీనికి దాయాది మొక్కే, రెండూ ఆర్టెమీసియా అనే ఒకే ప్రజాతివి. ఆ ఆకులు ఇప్పటికీ మ్యాపులో మానిటర్ లోయ పుట దగ్గర ఉన్నాయి, వాసన మాత్రం కొంచెం తగ్గింది. సెప్టెంబరులో కొత్తవి తెచ్చుకోవాలి.