ఆగస్టులో వాడరేవు: రూముకి రెండున్నర స్టార్లు, పిట్టలకి ఐదు

ఆగస్టు ఆఖర్లో మంగళవారం వెళ్ళి గురువారం వచ్చాం, నేనూ మా తమ్ముడూ. చీరాల స్టేషన్లో దిగితే ఆటోలో పావుగంట. శని, ఆదివారాలు కార్లతో నిండిపోయే బీచ్‌లో ఆ రోజు మేమిద్దరం, వలలు బాగుచేసుకుంటున్న నలుగురు పెద్దాళ్ళు, బోల్డన్ని కుక్కలు, అంతే.

దిగిన చోటు పేరు రాయను, ఎందుకంటే అక్కడ పనిచేసే వాళ్ళు మంచోళ్ళు, తప్పంతా ఓనర్‌ది. రోజుకి 1,800. సీజన్ కాదు కదా తగ్గించండి అంటే ఇదే తగ్గించిన రేటు సార్ అన్నాడు. సరే అనుకున్నాం. రాత్రి కరెంటు పోయింది, జనరేటర్ ఏదండీ అంటే సీజన్ కాదు కదా సార్ డీజిల్ పోయించలేదు. వైఫై, సీజన్ కాదు. దుప్పటి ఉప్పుగాలికి చెమ్మగా జిగురుగా ఉంది మార్చండి అంటే దానికీ అదే మాట. బాత్రూమ్ తలుపు ఉబ్బిపోయి గడియ పడదు, లోపలున్నవాడు పాట పాడుతూ ఉండాల్సిందే. ఫొటోల్లో చూపించిన బాల్కనీ ఉంది గానీ అందులో విరిగిన కుర్చీలన్నీ పడేశారు.

తిండి మాత్రం వంక పెట్టలేను. వేట నిషేధం జూన్ 14తో అయిపోతుంది కాబట్టి చేపకి కరువు లేదు, వంటామె పొద్దున పడవల దగ్గరికెళ్ళి తెచ్చిందే వండేది. "ఏం తింటారయ్యా" అని ముందే అడుగుతుంది, మనం ఏం చెప్పినా తనకి దొరికిందే వండుతుంది. నెత్తళ్ళ వేపుడు కరకరలాడుతూ, వంజరం పులుసు రెండోరోజుకి ఇంకా బాగుంది. పదకొండు లోపు చెప్పకపోతే మధ్యాహ్నం భోజనం ఉండదు, గుర్తుపెట్టుకోండి.

ఇంక అసలు సంగతి. మేం వెళ్ళింది సముద్రం కోసం కాదు, చినగంజాం ఉప్పు మళ్ళ కోసం. ఓనర్ "ఇప్పుడు పక్షులేం ఉండవు సార్, డిసెంబర్లో రండి" అన్నాడు, అందరూ అదే అంటారు, కానీ ఒడ్డు పిట్టలు, అంటే నీటి అంచున బురదలో మేసే వలస పిట్టలు, ఆగస్టులోనే దిగడం మొదలవుతుంది, పైగా ముందొచ్చే ఎదిగిన పిట్టలకి వేసవి రంగు ఇంకా పూర్తిగా పోదు. డిసెంబర్లో అన్నీ బూడిదరంగులో ఒకేలా ఉండి పుస్తకం పట్టుకుని జుట్టు పీక్కోవాలి. పొద్దున్నే అయిదింటికి ఆటో కట్టించుకుని ముప్పావు గంటలో చేరాం. ముందురోజు వానకి మళ్ళల్లో బెత్తెడు నీళ్ళు. ఎర్రకాళ్ళ స్టిల్ట్‌లు ఎటూ ఉంటాయి, తీతువులు మమ్మల్ని చూసి ఊరంతా చాటింపేశాయి. వాటి వెనక గట్టు పక్కన శాండ్ ప్లోవర్లు పదిహేను దాకా, ఈబర్డ్‌లో (పిట్టలు చూసేవాళ్ళు తమ లెక్కలు ఎక్కించే వెబ్‌సైట్) ఇప్పుడు టిబెటన్ శాండ్ ప్లోవర్ అంటున్నారు చూడండి, అవి. రొమ్ము మీద జాజు పట్టీ కొన్నిటికి నిండుగా, కొన్నిటికి వానకి కారిపోయిన గోడలాగా అక్కడక్కడా. నాలుగడుగులు పరుగు, టక్కున ఆగడం, ఒక్క పొడుపు, మళ్ళీ పరుగు. ఆ పక్కనే సైబీరియా నుంచొచ్చిన కర్లూ శాండ్‌పైపర్లు రెండు, వంకర ముక్కు మొత్తం బురదలో దించి కుట్టుమిషన్ సూదిలా పొడుస్తున్నాయి. లిటిల్ స్టింట్ అయితే పాతిక గ్రాములుంటుందేమో, అదీ ఆర్కిటిక్ నుంచే వచ్చింది, మా తమ్ముడు చీరాల దాకా రిజర్వేషన్ లేకుండా వచ్చినందుకు రెండు రోజులు నస పెట్టాడు.

ఒక చిట్కా. పొద్దున ఎండ సముద్రం వైపు నుంచి కళ్ళల్లో కొడుతుంది, అందుకని మళ్ళకి తూర్పు గట్టు మీదికెళ్ళి ఎండ వీపుకి పెట్టుకుని చూడండి. గట్లు జారుడు, నేనొకసారి మోకాలి దాకా దిగాను, ఆ ప్యాంటు ఎండాక నిలబెడితే నిలబడింది. పనిచేసేవాళ్ళని అడిగి వెళ్ళండి, గట్టు తెగితే నష్టం వాళ్ళకి. అక్కడ పనిచేసే ఒకాయన మా స్కోపులో (పిట్టల్ని దగ్గరగా చూపించే దుర్భిణి) చూసి "ఇంతున్న పిట్ట ఇంతుందేంట్రా బాబూ" అని ఇంకో ఇద్దర్ని కేకేశాడు.

తొమ్మిది దాటితే ఎండకి ఏమీ కనిపించదు, వెనక్కి వచ్చేయడమే. ఆటోకి రానూపోనూ 700 ఇచ్చాం, ముందురోజు రాత్రే చెప్పుకోవాలి. వెళ్ళేటప్పుడు ఓనర్ బిల్లు చేతికిచ్చి ఆ పిట్టల ఫొటోలు పంపండి సార్, సీజన్లో వచ్చేవాళ్ళకి చూపిస్తా అన్నాడు. బాల్కనీలో కుర్చీలు తీయించాక పంపిస్తానన్నాను.