మన్ననూరు గేటు ఎరుగని నావిగేషన్

మా కారుతో పాటే వచ్చిన నావిగేషన్‌ను కొన్నేళ్లుగా వాడుతున్నాను. దాని మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే, కానీ అది గట్టిది: రోడ్డు ఎక్కడుందో దానికి తెలుసు గాని, ఏ వేళకు మూసేస్తారో తెలియదు.

హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్లే 765వ జాతీయ రహదారి మన్ననూరు దగ్గర అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోకి ప్రవేశిస్తుంది. వన్యప్రాణుల రక్షణ కోసం అక్కడి చెక్‌పోస్టును రాత్రి 9 గంటలకు మూసి, ఉదయం 6 గంటలకు తెరుస్తారు. కిందటి కార్తికంలో అమ్మానాన్నలతో బయలుదేరిన సాయంత్రం తుక్కుగూడ దగ్గరే చాలాసేపు ట్రాఫిక్‌లో ఆగిపోయాము. శ్రీశైలం చేరే సమయాన్ని తెర పది నుంచి పదిన్నరకు, ఆమనగల్లు దాటేసరికి పదకొండుకు జరుపుకుంటూ పోయింది గాని, ఆ రాత్రికి ఇక ఆ దారే లేదని ఒక్కసారైనా చెప్పలేదు. చెక్‌పోస్టు ముందు మహారాష్ట్ర నంబర్లున్న బళ్లు కూడా బారులు తీరి ఉన్నాయి. సిబ్బంది మర్యాదగానే వెనక్కి వెళ్లమన్నారు. తెర మాత్రం ఇంకా నేరుగా వెళ్లమనే చూపుతోంది. అచ్చంపేటకు తిరిగివచ్చి గది వెతుక్కునేసరికి అమ్మ మందులు వేసుకునే వేళ ఎప్పుడో దాటిపోయింది.

కర్ణాటకలోని బందీపూర్ అడవిలోనూ 2009 నుంచి రాత్రి రాకపోకలపై ఇలాంటి నిషేధమే ఉంది కనుక, ఇది తయారీదారులకు కొత్త సంగతేమీ కాదు. ఎవరైనా వివరాలు చేర్చగలిగే ఉచిత మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఏ దారిని ఏ వేళల్లో మూస్తారో నమోదు చేసే ఏర్పాటు ఉంది. ఆ వివరం మ్యాపులో ఉండి, దారిని లెక్కగట్టేటప్పుడు దాన్ని పరిగణిస్తే, మేము ఆమనగల్లులోనే ఆగిపోయేవాళ్లము.

నల్లమలలో సెల్ సిగ్నల్ లేని చోట కూడా ఇది తప్పకుండా పనిచేస్తుందని బంధువుల దగ్గర ఎన్నోసార్లు మెచ్చుకున్నాను. మ్యాపు కారులోనే ఉంటుంది, మనమున్న చోటు ఉపగ్రహాల నుంచి తెలుస్తుంది కనుక ఆ మాట ఇప్పటికీ నిజమే. దోమలపెంట దాటాక ఘాట్ మలుపులను ముందే చూపడం నాకు ఎంతో ధైర్యాన్నిస్తుంది. అయితే ఆ మెప్పు పగటి ప్రయాణానికే పరిమితమని ఇప్పుడు చెప్పవలసి వస్తోంది.

ఆ రోడ్డున రోజూ తిరిగే డ్రైవర్లకు గేటు వేళలు కంఠతా వచ్చు కనుక వారికి ఇది లోపంగా తోచకపోవచ్చు. పెద్దవాళ్లను వెంటబెట్టుకుని ఏడాదికి ఒకటి రెండుసార్లు వెళ్లే మేము మాత్రం మలుపుల విషయంలో దాన్ని నమ్ముతాము, మన్ననూరు చేరవలసిన వేళను విడిగా లెక్కచూసుకుని బయలుదేరుతాము.