మాజీ సైనికులకు పది శాతం తగ్గింపు: వైజాగ్‌లో మా అనుభవం

మొన్న రిపబ్లిక్ డేకి ముందు ఫోనుకి ఓ మెసేజ్ వచ్చింది. "వీర జవాన్లకు వందనం. మాజీ సైనికులకు గది అద్దెపై 10 శాతం తగ్గింపు." పంపింది మేం వైజాగ్‌లో దిగిన లాడ్జివాళ్లే. పేరు రాయను గానీ ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి నడిచి వెళ్లిపోవచ్చు. ఇన్నాళ్లూ రాయకుండా ఊరుకున్నది ఆ మెసేజ్ చూశాక ఇక ఊరుకోబుద్ధి కాలేదు.

మేం వెళ్లింది 2022 నవంబరులో. నేను, మా ఆవిడ, పదకొండేళ్ల మావాడు, మా మావయ్యగారు. మావయ్యగారిది తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. మిలటరీ మాధవరం అంటే జిల్లాలో ఎవరైనా దారి చూపిస్తారు. ఇంటికొకరైనా ఫౌజులో చేసిన ఊరు. ఈయన మద్రాస్ రెజిమెంటులో హవల్దారుగా రిటైరయ్యారు. ఎక్కడికెళ్లినా ఎక్స్‌సర్వీస్‌మెన్ కార్డు ప్లాస్టిక్ కవర్లో పెట్టి చొక్కా జేబులో ఉంచుకుంటారు. అప్పుడూ ఇలాంటి పది శాతం ప్రకటన చూసే ఆ లాడ్జి ఎంచుకున్నాం. అదీ ఆయన పట్టుబడితేనే.

రైలు సరిగ్గానే వచ్చింది, దాని గురించి చెప్పేదేం లేదు. ఆ రోజు నవంబరు 15. తెల్లవారుజామున సూపర్‌స్టార్ కృష్ణగారు పోయారు. బోగీ అంతా ఫోన్లలో అదే. మేం లాడ్జిలో అడుగుపెట్టేసరికి రిసెప్షన్‌లో కృష్ణగారి ఫొటో, దానికి బంతిపూల దండ, పక్కన అరటిపండులో గుచ్చిన అగరొత్తులు. మేనేజరు టీవీకి అతుక్కుపోయి ఉన్నాడు. మావయ్యగారు కార్డు తీసి బల్ల మీద పెట్టారు. అతను దానివైపు చూడకుండానే "రూము 2,350 అండి, రెండు రూములు 4,700" అన్నాడు.

ఫోనులో మాకు చెప్పిన రేటు రూముకి 1,900. రెండింటికీ 3,800, పది శాతం తీస్తే 3,420. అదే అడిగాను.

"ఆ ఆఫరు సర్వీసులో ఉన్నవాళ్లకేనండి."

"మాజీ సైనికులు అని రాశారు కదా."

"అది ఆగస్టు పదిహేనుకి అయిపోయిందండి."

"మరి 1,900?"

"ఇవాళ రష్షండి. పైగా చూస్తున్నారుగా, ఇలాంటి రోజున బేరాలేంటండీ."

ఇలాంటి రోజున! దుఃఖంలో ఉన్న మనిషికి రూముకి 450 పెంచడం మాత్రం బాగానే గుర్తుంది. నేను గొంతు పెంచాను, మా ఆవిడ మోచేత్తో పొడిచింది. మావయ్యగారు మాత్రం ఏమీ అనలేదు. కార్డు తీసుకుని, కవర్ మీద పడిన అగరొత్తి బూడిదని బొటనవేలితో తుడిచి జేబులో పెట్టుకున్నారు. వేరే చోటికి పోదామంటే "పిల్లాడు అలిసిపోయాడు, ఇచ్చెయ్యండి అల్లుడుగారూ" అన్నారు. రెండు రాత్రులకి 9,400. ఏసీ రిమోట్‌కి 200 డిపాజిట్. బాత్రూమ్‌లో వేడినీళ్లు ఉదయం ఆరు నుంచి ఏడు వరకే. ఆ గంటలో కూడా గోరువెచ్చగానే.

ఇక్కడే నాకు ఓ చిక్కొచ్చింది. కోపంతో నేను గదిలో ఉపన్యాసం మొదలెట్టాను. సినిమావాళ్లు పోతే ఊరంతా ఏడుస్తుంది, సరిహద్దులో పోతే పేపర్లో లోపలి పేజీ అని. వెనక్కి తిరిగి చూస్తే మావయ్యగారు టీవీ ముందు కూర్చుని కళ్లు తుడుచుకుంటున్నారు. యూనిట్‌లో ఉన్నప్పుడు ఆదివారాలు వీసీఆర్ అద్దెకి తెచ్చి, తెలుగువాళ్లంతా చేరి కృష్ణ సినిమాలు చూసేవారట. ఏడాదికోసారి సెలవు దొరికే చోట ఇంటి భాష వినపడేది అప్పుడేనట. "ఆయన కోసం ఏడవడానికీ, మావాళ్ల కోసం ఏడవకపోవడానికీ ఏం సంబంధమండీ?" అన్నారు. నా దగ్గర సమాధానం లేదు.

రాత్రి భోజనం దగ్గర ఆయనే మళ్లీ ఎత్తారు. 2020 జూన్ 14న సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ పోయాడు. మర్నాడు రాత్రి గల్వాన్‌లో చైనావాళ్లతో ఘర్షణలో మన సైనికులు ఇరవై మంది పోయారు. హిందీ చానళ్లు నెలల తరబడి ఏది నడిపాయో అందరికీ తెలుసు. "కల్నల్ సంతోష్‌బాబు సూర్యాపేట మనిషి కాబట్టి మనకి తెలుసు. మిగతా పంతొమ్మిది మందిలో ఒక్కరి పేరు చెప్పండి చూద్దాం" అన్నారు. నేను నీళ్లు నమిలాను. మా ఆవిడకి చిరాకొచ్చింది, "నాన్నా, సరదాగా తిరగడానికొచ్చాం, పరీక్షలు పెట్టకు" అంది. మావాడు వంజరం వేపుడు ఇంకో ముక్క అడిగాడు. ముక్క 160. ఆ మెస్సు మాత్రం అద్భుతం, వేపుడు మసాలాలో కరివేపాకు ఘుమఘుమలాడుతోంది.

మర్నాడు మధ్యాహ్నం బీచ్‌రోడ్డులో కుర్సురా జలాంతర్గామి మ్యూజియానికి వెళ్లాం. పొద్దున్నే వెళ్లి గేటు దగ్గర పడిగాపులు పడకండి. మేం వెళ్లినప్పుడు మామూలు రోజుల్లో రెండింటికి తెరిచేవారు, సోమవారం సెలవు. టికెట్టు అప్పుడు పెద్దలకి 70, పిల్లాడికి 40. వైజాగ్‌లో డబ్బుకి పూర్తి విలువ దక్కింది ఇక్కడే. 1969లో నౌకాదళంలో చేరి, 2001 ఫిబ్రవరిలో రిటైరైన జలాంతర్గామి. 91 మీటర్ల పొడవు. ఇసుకలోకి లాక్కొచ్చి 2002లో మ్యూజియం చేశారు. లోపల గైడ్లంతా నేవీలో పనిచేసి రిటైరైనవాళ్లే, అట్ట మీద రాసింది చదివే బాపతు కాదు. గది నుంచి గదికి గుండ్రటి కంతలోంచి దూరాలి. మావయ్యగారు పైన కడ్డీ పట్టుకుని, ఒక కాలు ఎత్తి అవతల పెట్టి, మోకాలు పట్టేసి అక్కడే ఆగిపోయారు. గైడు వచ్చి చంక కింద చెయ్యేసి, "సాబ్, ఏ యూనిట్?" అని అడిగాడు. ఎలా కనిపెట్టాడో ఏమో. నిలబడ్డ తీరు చూసి ఉంటాడు.

ఆ తర్వాత మమ్మల్ని మర్చిపోయారిద్దరూ. డెబ్భై అయిదు మంది ఈ ఇనప గొట్టంలో ఎలా బతికారో, మంచినీళ్లు కొలిచి ఇస్తుంటే స్నానం మాటే లేకుండా వారాలు ఎలా గడిచాయో అతను చెబుతుంటే, ఈయన మంచులో కాళ్లు చచ్చుబడిన సంగతి చెప్పారు. వెనక క్యూ ఆగిపోయింది. ఎవరూ విసుక్కోలేదు. మావాడు టార్పెడో గొట్టాలు లెక్కపెట్టాడు, ముందు ఆరు, వెనక నాలుగు. ఎదురుగా ఉన్న టీయూ-142 విమానం కూడా చూశాం, బాగుంది గానీ కుర్సురా తర్వాత చప్పగా అనిపించింది.

సాయంత్రం అదే బీచ్‌రోడ్డులో విక్టరీ ఎట్ సీ స్మారకం దగ్గరికి నడిచాం. 1971 యుద్ధంలో పోయిన నౌకాదళం వాళ్ల కోసం 1996లో కట్టారు. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక మునిగింది ఈ తీరానికి కొద్ది దూరంలోనే. ఆ సంగతి వైజాగ్ వాళ్లకి చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆ యుద్ధంలోనే డిసెంబరు 9న అరేబియా సముద్రంలో మన యుద్ధనౌక ఖుక్రీ మునిగింది. అందులో పోయిన 18 మంది అధికారులు, 176 మంది నావికుల సంగతి మాత్రం మాలో ఎవరికీ తెలీదు, మావయ్యగారికి తప్ప. కంచె పక్కన ఓ జంట సెల్ఫీ, ముంత మసాలా బండి, పొట్లం 40 రూపాయలు. తప్పని అనను. మనుషులు కూర్చుని తింటున్న చోటు పాడుబడిపోదు కదా. రోడ్డుకి అవతల కృష్ణగారి ఫ్లెక్సీలు అప్పుడే వెలిశాయి, కింద నివాళి అర్పించేవాళ్ల ఫొటోలు అసలు ఫొటో కన్నా పెద్దవి. ఒక్కరోజులో ఎలా ప్రింటయ్యాయో ఆశ్చర్యం.

హైదరాబాద్‌లో కృష్ణగారి అంత్యక్రియలు ఆ రోజే, ప్రభుత్వ లాంఛనాలతో. అది ఫోనులో చూస్తూ మావయ్యగారు ఇంతవరకూ మాకెప్పుడూ చెప్పనిది చెప్పారు. తొంభైల్లో ఆయన చనిపోయిన ఓ కుర్ర జవాను శవపేటికతో విజయనగరం జిల్లాలో ఓ పల్లెకి వెళ్లారట. చివరి రెండు మైళ్లు రోడ్డు లేదు, ట్రాక్టరు మీద తీసుకెళ్లారు. జనానికేం లోటు లేదు, చుట్టుపక్కల ఊళ్లన్నీ వచ్చాయి. చితికి నిప్పు పెట్టేముందు జెండా తీసేయాలి, అది కాలకూడదు. ఇద్దరు నిలబడి బిగించి మడిచి వాళ్లమ్మ చేతిలో పెట్టారు. ఆవిడ దాన్ని రెండు చేతులా పట్టుకుని, "ఇది ఏ ఆఫీసులో చూపించాలి బాబూ?" అని అడిగిందట.

"జనం రావడం ఎప్పుడూ ఉందండీ," అన్నారు. 2025 మేలో ఆపరేషన్ సిందూర్‌లో గోరంట్ల మండలం కల్లితండా కుర్రాడు మురళీనాయక్ చనిపోయినప్పుడు కూడా ఫోన్ చేసి అదే మాట అన్నారు. మంత్రులొచ్చారు, ప్రభుత్వం 50 లక్షలు ప్రకటించింది, టీవీలన్నీ చూపించాయి. "బాగుంది. రెండేళ్ల తర్వాత వాళ్లమ్మ ఏదో కాగితం పట్టుకుని కౌంటరు దగ్గరికెళ్తే కుర్చీ వేస్తారా, అది చూడాలి." అప్పుడర్థమైంది నాకు, లాడ్జిలో ఆయనకి 2,560 పోయిన బాధ కాదని.

మూడోరోజు సింహాచలం. దర్శనం ప్రశాంతంగా అయింది. ఆటోకి 450 అడిగాడు, 380కి ఒప్పుకున్నాడు. దారిలో ఎన్ఏడీ కొత్తరోడ్డు. ఎన్ఏడీ అంటే ఏంటని మావాడు అడిగితే నేవల్ ఆర్మమెంట్ డిపో, అంటే నేవీ ఆయుధాల గిడ్డంగి అని చెప్పాను. 2016 జూలై 22న చెన్నై తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్ వెళ్తూ బంగాళాఖాతంలో మాయమైన వాయుసేన ఏఎన్-32 విమానం సంగతీ చెప్పాను. దాంట్లో మొత్తం 29 మంది. అందులో ఎనిమిది మంది ఈ డిపోలో పనిచేసే మామూలు ఉద్యోగులు. యూనిఫాం లేదు, కాబట్టి అమరవీరులన్న మాట కూడా వాళ్లకి ఎవరూ వాడరు. విమానం శకలాలు 2024 జనవరిలో దొరికాయి, 3,400 మీటర్ల లోతున. మేం వెళ్లినప్పటికి అదీ లేదు. ఆటో అబ్బాయి అంతా విని, "ఆల్ల ఇళ్లన్నీ ఈ సుట్టుపక్కలేనండి" అన్నాడు. ఆ తర్వాత కొండ ఎక్కేదాకా ఎవరూ మాట్లాడలేదు.

మా ఆవిడ కోరిన అరకు ఈసారీ కుదరలేదు. ఆ అలక తిరుగు రైల్లో తుని దాటేదాకా సాగింది. మొత్తం ఖర్చు నలుగురికీ 17,600, అందులో సగానికి పైగా లాడ్జికే. వెళ్లేవాళ్లకి నేను చెప్పేదొకటే, డిఫెన్స్ తగ్గింపు అని ఎక్కడ రాసి ఉన్నా ముందే ఫోన్ చేసి, "రిటైరైనవాళ్లకి ఉందా, ఏ తేదీ దాకా, ఏ రేటు మీద" అని వాట్సాప్‌లో రాయించుకోండి. కుర్సురాకి కనీసం గంటన్నర పెట్టుకోండి, పెద్దవాళ్లుంటే గైడుకి ముందే చెప్పండి. బిల్లు మాత్రం వదలొద్దు. మా బిల్లు మీద జీఎస్టీ నంబరు లేదని ఇంటికొచ్చాక చూసింది మావయ్యగారే. దాన్ని పట్టుకుని ఆయన ఫిర్యాదు రాశారు, రిజిస్టర్డ్ పోస్టులో, ఇంగ్లీషులో, రెండు కాపీలు తీసి.