పోర్టోలో మూడేళ్లు: ఊరు నచ్చింది, గోడలే ఏడిపించాయి

ఇంట్లో కూర్చుని ఆఫీసు పని చేసుకునేవాళ్లకి యూరప్‌లో ఏ ఊరు మంచిదని అడిగితే వీసా, అద్దె, ఇంటర్నెట్ గురించి ఎవరైనా చెబుతారు. నేను మాత్రం ఒక్కటే అడుగుతాను. జనవరిలో ఆ ఊళ్లో ఇంటి గోడ మీద చెయ్యి పెట్టి చూశారా?

మేం 2023 సెప్టెంబర్‌లో పోర్చుగల్‌లోని పోర్టోకి వచ్చాం. నేను, మా ఆయన, అప్పటికి నాలుగేళ్ల పాప. నేను లండన్ కంపెనీకి పనిచేస్తాను, సగం టీమ్ హైదరాబాద్‌లో ఉంది. లండన్‌కీ పోర్చుగల్‌కీ టైము ఒకటే. హైదరాబాద్‌తో తేడా వేసవిలో నాలుగున్నర గంటలు, చలికాలంలో ఐదున్నర. అర్ధరాత్రి మీటింగులు తప్పాయి. వేరే దేశపు కంపెనీకి ఇంటి నుంచి పనిచేసేవాళ్లకి పోర్చుగల్ ఇచ్చే డి8 వీసాకి ఇక్కడి కనీస వేతనానికి నాలుగు రెట్లు ఆదాయం చూపించాలి. మేం పెట్టుకున్నప్పుడు అది నెలకి 3,040 యూరోలు. కనీస వేతనం పెరిగినప్పుడల్లా ఇదీ పెరుగుతుంది కాబట్టి ఇప్పటి లెక్క చూసుకోండి. స్పెయిన్‌లోని వాలెన్సియా, ఎస్టోనియాలోని టాలిన్ కూడా మా లిస్టులో ఉండేవి. చలికి భయపడి టాలిన్‌ని మొదట్లోనే తీసేశాం. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

మొదటి రెండు నెలలూ ఫోన్ చేసినవాళ్లందరికీ పోర్టో అంత ఊరు లేదని చెప్పాను. ఎండ హాయిగా ఉండేది. సాయంత్రం పని అవగానే డోమ్ లూయిష్ వంతెన పైఅంతస్తు మీద నడిచేవాళ్లం. 1886లో కట్టిన ఇనుప వంతెన అది. ఇప్పుడు దాని మీద మెట్రో నడుస్తుంది, పక్కనే మనుషులూ నడుస్తారు. కింద డోరో నది, అవతలి ఒడ్డున మెట్లు మెట్లుగా రంగురంగుల ఇళ్లు. గోదావరి పక్కన పుట్టినదాన్ని, నది కనపడే ఇల్లు దొరికితే ఇంకేం చూస్తాను? దక్షిణపు ఒడ్డున, గాయా అనే పక్క ఊళ్లో ఓ పాత భవనంలో రెండో అంతస్తు తీసుకున్నాం. కిటికీలన్నీ నది వైపే. నది మాకు ఉత్తరాన ఉంది. ఉత్తరం చూసే ఇల్లని మా అత్తగారు కూడా సంతోషించారు.

నవంబర్‌లో ముసురు పట్టింది.

కోనసీమ వాళ్లకి తేమ కొత్త కాదు. కానీ మన దగ్గర తేమ ఉక్కపోతతో వస్తుంది, ఫ్యాన్ కింద కూర్చుంటే సర్దుకుంటుంది. ఇక్కడ తేమ చలితో కలిసి వస్తుంది. బయట 9 డిగ్రీలు ఉంటే ఇంట్లో 13. ఇది ఊహించి చెప్పడం లేదు, చిన్న మీటర్ కొని బల్ల మీద పెట్టుకున్నాను. 13 డిగ్రీలు, తేమ 84 శాతం. ఇంట్లో కనీసం 18 డిగ్రీలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మేం డిసెంబర్ అంతా స్వెట్టర్ మీద జాకెట్ వేసుకుని, వేళ్లు కొంకర్లు పోతుంటే టైప్ చేస్తూ గడిపాం. కప్పుకున్న దుప్పటి కూడా చెమ్మగా తగిలేది. ఉప్పు డబ్బాలో నీరు కారింది. అమ్మ పంపిన గుమ్మడి వడియాలు మెత్తబడి, నూనెలో వేస్తే పొంగకుండా ముడుచుకుపోయాయి.

అసలు దెబ్బ 2024 జనవరిలో ఓ మంగళవారం పొద్దున తగిలింది. తొమ్మిదిన్నరకి నాకు పెద్ద ప్రెజెంటేషన్, మూడు వారాల పని. నా గదిలో 2000 వాట్ల హీటర్ నడుస్తోంది. వాషింగ్ మెషిన్ తిరుగుతోంది. మా ఆయన పాపకి పాలు కాయడానికి ఇండక్షన్ స్టవ్ వేశారు. టక్‌మని కరెంటు పోయింది. ఇక్కడ ఇంటికి ఎంత పవర్ కావాలో ముందే ఒప్పందంలో రాసుకోవాలి. మాది 3.45 కేవీఏ, అంటే దాదాపు 3,450 వాట్లు. అది దాటిన క్షణంలో ఇల్లంతా ఆగిపోతుంది. రౌటర్ కూడా ఆగింది. పదో స్లైడ్ మీద ఉన్నాను.

ఫోన్ నెట్ ఆన్ చేసుకునేలోపు మా ఆయన కరెంటు బోర్డు దగ్గరికి పరిగెత్తారు. వాకిలి పక్కన బోర్డుకి సగం అడ్డంగా ఓ అలమర పెట్టుకున్నాం, అది లాగితేగానీ స్విచ్ అందదు. కరెంటు వచ్చింది, నేను మీటింగ్ పూర్తిచేశాను. కానీ ఆయన అక్కడే నిలబడిపోయారు. వెళ్లి చూస్తే అలమర వెనక గోడంతా నల్లగా ఉంది. నేల నుంచి నా భుజం ఎత్తు వరకు, మసి చల్లినట్టు చుక్కలు చుక్కలుగా బూజు. అలమర వెనక చెక్క వేలితో నొక్కితే లోపలికి పోయింది. కింది అరలో నా ఉప్పాడ పట్టుచీర ఉంది. సంచీ విప్పగానే ముక్కిన వాసన. మడతల వెంబడి బూడిదరంగు మచ్చలు. నా పెళ్లినాటి చీర అది. డ్రైక్లీనింగ్‌కి ఇచ్చినా మచ్చలు పూర్తిగా పోలేదు.

ఆ రాత్రి ఫోన్‌లో అమ్మకి చెబితే ఒక్క మాటే అంది: "గోడకి ఆనించి బీరువా ఎవరైనా పెడతారా అమ్మా? జానెడు ఎడం వదలాలి, గాలి ఆడాలి." మా ఊళ్లో ఇంటింటా తెలిసిన మాటే అది. పరాయి దేశం రాగానే మర్చిపోయాను.

నవంబర్ నుంచీ పాపకి దగ్గు తగ్గడం లేదు. మామూలు జలుబే అనుకుంటున్నాం. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే ఛాతీ మీద స్టెత్ పెట్టకముందే, "పాప మంచం ఏ గోడ పక్కన ఉంది?" అని అడిగింది. ఇంటికొచ్చి మంచం జరిపి చూశాం. అక్కడా బూజే. పిల్ల ముఖానికి మూరెడు దూరంలో. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ టెన్షనే.

ఇంటి ఓనరావిడకి ఫోన్ చేశాను. గొడవ పెట్టుకోవాలనే చేశాను. డెబ్బై దాటిన మనిషి, గంటలో బ్లీచ్ సీసాతో వచ్చి, నేను వద్దంటున్నా స్టూలెక్కి గోడ తనే రుద్దింది. తర్వాత ఇల్లంతా తిరిగి ఒక్కో కిటికీ తెరిచింది. "అమ్మాయ్, రోజూ పొద్దున్నే అరగంట తియ్యాలి. వాన లేనప్పుడు ఇంకాసేపు. చలేసినా సరే." కష్టపడి వేడిచేసిన గాలిని బయటికి వదలమంటుందేమిటా అనిపించింది. తర్వాత చదివితే తెలిసింది. మనం వదిలే ఊపిరి, ఉడికే అన్నం, ఇంట్లో ఆరేసిన బట్టలు, అన్నిటి నీరూ గాలిలోకే చేరుతుంది. ఆ గాలి చల్లటి రాతిగోడకి తగిలితే నీరుగా మారి అక్కడే ఉండిపోతుంది. బయటి చల్లగాలిలో మొత్తం మీద నీరు తక్కువే, దాన్ని లోపలికి తెచ్చి వేడిచేస్తే ఇల్లు ఆరుతుంది. మన వంటలో ఆవిరి ఎక్కువ కూడా. ఆదివారం ఇడ్లీపాత్ర మూత తీస్తే వంటింటి కిటికీ అద్దం మీద నీళ్లు ధారగా దిగి, కింద పెట్టిన గుడ్డ తడిసేది.

తేమ లాగే మెషిన్ కొన్నాం. పొద్దున పెడితే రాత్రికి మూడు లీటర్ల డబ్బా నిండేది. మా ఇంటి గాలిలోంచి, రోజూ, మూడు లీటర్లు! కరెంటు ఒప్పందం 6.9 కేవీఏకి మార్పించాం. బిల్లు పెరిగింది, కరెంటు పోవడం ఆగింది.

ఇంత జరిగాక ఆ ఇంట్లోనే రెండో చలికాలం కూడా ఎందుకు ఉన్నారని మా చెల్లి అడుగుతుంది. ఏప్రిల్ రాగానే మర్చిపోయాం, అంతే. జూన్ 23 రాత్రి ఊరు ఊరంతా సెయింట్ జాన్ పండగకి వీధుల్లోకి వచ్చి, ప్లాస్టిక్ సుత్తులతో ఒకరి తల మీద ఒకరు కొట్టుకుంటూ, సందుసందునా చేపలు కాలుస్తుంటే గోడల సంగతి ఎవరికి గుర్తుంటుంది?

ఆ ఇల్లు ఎందుకంత చల్లగా ఉండేదో రెండో ఏడు, మా వీధి చివర ఉన్న పోర్ట్ వైన్ గిడ్డంగి చూడ్డానికి వెళ్లినప్పుడు తెలిసింది. పీపాలు గాయా ఒడ్డునే ఎందుకు పెడతారో గైడ్ చెబుతోంది. ఈ వాలు ఉత్తరం వైపు చూస్తుంది, ఎండ తక్కువ, నది తేమ ఉంటుంది, వైన్ నెమ్మదిగా ముదరడానికి ఇదే సరైన చోటు. వందల ఏళ్లుగా వ్యాపారులు ఏరికోరి ఎంచుకున్న చలీ తేమా అవి. మా పాప మంచం వేసింది ఆ వాలు మీదే. చలికాలం మిట్టమధ్యాహ్నం కూడా ఇక్కడ సూర్యుడు దక్షిణాన కిందికే ఉంటాడు. ఉత్తరం కిటికీలోంచి మాకు నెలల తరబడి ఎండ పొడ తగల్లేదు. దిక్కు గురించి మన ఊరి లెక్క ఇక్కడ పెట్టుకోకండి, ఈ ఊళ్లో దక్షిణం కిటికీ బంగారం.

ఇది మా ఒక్కరి గోడు కూడా కాదు. 2023లో ఇల్లు సరిపడా వెచ్చగా ఉంచుకోలేకపోతున్నామన్న వాళ్లు యూరోపియన్ యూనియన్ మొత్తం మీద 10.6 శాతం అయితే, పోర్చుగల్‌లో 20.8 శాతం అని యూనియన్ గణాంక సంస్థ యూరోస్టాట్ లెక్క. ఇళ్లలో వేడి నిలవడం గురించి ఇక్కడ మొదటి నిబంధనలు వచ్చిందే 1990లో. అంతకుముందు కట్టిన చాలా ఇళ్లకి గోడలో చలిని ఆపే పొర లేదు, కిటికీకి ఒంటి అద్దం. టాలిన్‌లో ఉండే నా స్నేహితురాలు ఓ ఫిబ్రవరిలో వీడియో కాల్ చేసింది. అక్కడ బయట మైనస్ 14. తను పొట్టిచేతుల కాటన్ చుడీదార్‌లో కూర్చుని ఉంది. నేను ఇంట్లో ఉన్ని టోపీ పెట్టుకుని మాట్లాడాను.

2025 జూన్‌లో పోర్టో పక్కనే ఉన్న మటోజిన్యూష్‌కి మారాం. 2000 తర్వాత కట్టిన భవనం, దక్షిణం వైపు హాలు, జంట అద్దాల కిటికీలు. ఇంటి ప్రకటనలో ఎనర్జీ సర్టిఫికెట్ అక్షరం ఉంటుంది (ఏ ప్లస్ అన్నిటికన్నా మేలు, ఎఫ్ అన్నిటికన్నా నాసి), అన్నిటికన్నా ముందు అది చూడండి. గాయా ఇల్లు ఎఫ్, ఇది బి మైనస్. అద్దె 280 యూరోలు ఎక్కువ. గోడకున్న ఏసీనే చలికాలంలో వేడి ఇస్తుంది, హీటర్ కన్నా చాలా తక్కువ కరెంటుతో. మొన్న జనవరిలో మీటర్ 19 డిగ్రీలు, 60 శాతం చూపించింది. పాప దగ్గు ఆ చలికాలంలో ఒక్కసారే వచ్చింది, వారంలో పోయింది. ఇల్లు మారినందుకో, పిల్ల పెద్దదైనందుకో నేను చెప్పలేను. ఇక్కడా లోపం ఉంది. సముద్రం దగ్గర కాబట్టి ఉప్పుగాలి. బాల్కనీ రెయిలింగ్ అప్పుడే తుప్పు పట్టింది. నది కనపడదు. సాయంత్రాలు ఆ వంతెన నడక నాకు ఇప్పటికీ వెలితిగానే ఉంది.

మరి పోర్టో మంచిదేనా? నాకైతే అవును, ఇప్పుడు. ఇద్దరి సంపాదన ఉంది కాబట్టి ఆ 280 యూరోలు భరించగలిగాం. పగలంతా ఇంట్లోనే పని, చిన్నపిల్ల, అందుకే గోడలు మాకు ఇంత పెద్ద సంగతి అయ్యాయి. ఒంటరిగా ఉండి, రోజంతా అద్దెకి దొరికే కోవర్కింగ్ ఆఫీసులో గడిపి, పడుకోవడానికే ఇంటికొచ్చేవాళ్లకి ఇందులో సగం తగలకపోవచ్చు. ఎవరికైనా ఆస్తమా ఉంటే మాత్రం పాత రాతి ఇల్లు ఎంత అందంగా ఉన్నా తీసుకోవద్దు. మొదటి రెండు నెలల్లో నా మాట విని వచ్చిన ఒక జంట ఉన్నారు. వాళ్లకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను, వాళ్ల బీరువా జరిపించాను.

మా రెసిడెన్స్ కార్డు ఇంకో మూడేళ్లకి రెన్యువల్ అయింది. ఇప్పుడు చెల్లీ మరిదిగారూ ఇటు రావాలని ఆలోచిస్తున్నారు. ముందు ఊరు చూసి వెళ్తాం, జూన్‌లో పండగ ఉందటగా, అప్పుడొస్తాం అంది. వద్దు, జనవరిలో రా, ముసురు పట్టినప్పుడు వచ్చి ఇళ్లు చూడు అన్నాను. కాసేపు అలిగింది. నిన్న మెసేజ్ పెట్టింది, జనవరి 12కి టికెట్లు తీసుకున్నారట.