ఏడేళ్లు వాడాక చెబుతున్నా: డోమ్ కెమెరా కొనేముందు కవర్ దేనితో చేశారో అడగండి

భీమిలిలో మా ఇల్లు సముద్రానికి దగ్గర. 2018లో నాలుగు డోమ్ కెమెరాలు, అంటే గుండ్రటి గిన్నెలాంటి కవర్ ఉండే సీసీటీవీ కెమెరాలు పెట్టించాం. అప్పుడు అందరూ మెగాపిక్సెళ్ల గురించే మాట్లాడారు. లెన్స్ మీద బోర్లించిన ఆ గిన్నె దేనితో చేశారని నేనూ అడగలేదు.

నాలుగింటికీ వచ్చినవి పాలీకార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్ కవర్లు. గట్టిదనంలో వాటికి వంక పెట్టలేను. దెబ్బను ఎంత తట్టుకుంటుందో చెప్పే గుర్తు ఐకే10 అని రాసి ఉంటే 20 జౌళ్ల దెబ్బకు ఆగుతుందని అర్థం. అంటే 5 కిలోల బరువు 40 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడినంత. గేటు దగ్గరి కెమెరాకు పిల్లల క్రికెట్ బంతి చాలాసార్లు తగిలింది, ఒక్క పగులు లేదు.

మేడ మీది దానితోనే కష్టం వచ్చింది. అక్కడ రోజంతా ఎండే. నాలుగో వేసవికి కవర్ పసుపెక్కింది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పాలీకార్బొనేట్‌ను అలా చేస్తాయి, పైనున్న రక్షణ పూత అరిగితే మరీ త్వరగా. పగలు బొమ్మ కొంచెం మసకగా ఉండేది. రాత్రయితే తెల్లటి పొగే. చీకట్లో చూడటానికి కెమెరా వదిలే, కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ వెలుతురు కవర్ మీది గీతలకూ ఉప్పు పొరకూ తగిలి చెదిరి, తిరిగి లెన్స్‌లోకే వస్తుంది. రిపేరుకు వచ్చినతను కెమెరా మార్చాలన్నాడు. ఊరికే కవర్ తీసి చూశాను. బొమ్మ శుభ్రంగా ఉంది!

అక్కడ యాక్రిలిక్ అనే ఇంకో రకం ప్లాస్టిక్ కవర్ వేయించాను. వెలుతురును 92 శాతం దాకా పంపిస్తుంది, ఎండకు బాగా తట్టుకుంటుంది. మూడేళ్లయినా రంగు మారలేదు. కాకపోతే పెళుసు. మొదటిది స్క్రూ ఎక్కువ బిగించేసరికి అంచు దగ్గర చిట్లింది, ఇంకోటి తెప్పించాల్సి వచ్చింది. మనిషి చేతికో బంతికో అందే చోట దాన్ని పెట్టొద్దు.

తుడవడం గురించి గట్టిగా చెప్పాలి. వరండా కెమెరాకు అంటిన పెయింటు చుక్కను థిన్నర్‌తో తుడిచాను. కవరంతా సాలెగూడులా సన్నటి పగుళ్లు వచ్చాయి. ఇప్పటికీ బాధగానే ఉంది. థిన్నర్, అసిటోన్ రెండు ప్లాస్టిక్‌లకూ పడవు. పొడిగుడ్డ కూడా వద్దు, ఉప్పు, ఇసుక రేణువులు గరుకు కాగితంలా గీస్తాయి. ముందు నీళ్లు పోసి వాటిని జారనివ్వండి. తర్వాత కాస్త సబ్బు నీళ్లు, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డ చాలు.

కవర్ మార్చినప్పుడు లెన్స్ చుట్టూ ఉన్న నల్లటి ఫోమ్ రింగు లోపలివైపు ఆనుతోందో లేదో చూడండి. సందు ఉంటే ఎంత మంచి కవరైనా రాత్రి బొమ్మ పొగబారుతుంది.

ఇప్పుడు గేటుకు పాలీకార్బొనేట్, మేడకు యాక్రిలిక్. కొన్నప్పుడే విడి కవర్లు రెండు తీసుకోండి. వరండా దానికి నేను ఇంకా వెతుకుతున్నా, ఆ మోడల్ రావడం ఆగిపోయింది.