సేవ్ అయిన వైఫైలు: ఫైళ్లు కాపీ చేస్తే మేలా, మళ్లీ టైపు చేస్తే మేలా?

తిరుపతి కొర్లగుంటలో మా ఇంట్లో ఉన్న పాత లినక్స్ ల్యాప్‌టాప్‌ని నెట్‌వర్క్‌మేనేజర్ నుంచి ఐడబ్ల్యూడీకి మార్చాలనుకున్నాను. రెండూ లినక్స్‌లో వైఫైని నడిపే ప్రోగ్రాములే. అందులో 14 వైఫైలు సేవ్ అయి ఉన్నాయి. మా ఇంటిది, తమ్ముడి రూముది నోటికే వచ్చు. చిత్తూరు గ్రీమ్స్‌పేటలో మామయ్య వాళ్లింటి పాస్‌వర్డ్ మాత్రం ఆయనకే గుర్తు లేదు. ఫోన్ చేస్తే, "నీ ల్యాప్‌టాప్‌లో ఉంటుంది కదరా, చూసి నాక్కూడా చెప్పు" అన్నారు.

పాస్‌వర్డ్ తెలిసినవాటిని చేత్తో టైపు చేయడమే మేలు. అయిదారు ఉంటే పది నిమిషాల పని. ఎప్పుడో ఒక రాత్రి దిగిన లాడ్జీల వైఫైలు కొత్తదానిలోకి రావు.

తెలియనివాటికి కాపీ తప్పదు. రెండు వైపులా నెట్‌వర్క్‌మేనేజరే అయితే ఇది చాలా తేలిక. ఎట్సీలో (సిస్టమ్ సెట్టింగులు ఉండే /etc ఫోల్డర్) దాని ఫోల్డర్ కింద సిస్టమ్-కనెక్షన్స్ అని ఉంటుంది, ఒక్కో వైఫైకి ఒక్కో ఫైలు. వాటిని కొత్త మెషీన్‌లో పెట్టి, ఓనర్‌గా రూట్ (అడ్మిన్ యూజర్), పర్మిషన్ 600 (ఓనర్ తప్ప ఎవరూ చదవలేనిది) ఇవ్వాలి. లేకపోతే నెట్‌వర్క్‌మేనేజర్ ఆ ఫైలును పట్టించుకోదు. పాత వైఫై కార్డు పేరు, మ్యాక్ అడ్రస్ (కార్డు హార్డ్‌వేర్ నంబరు) ఉన్న లైన్లు కూడా తీసేయాలి. నాకు టెన్షన్ పెట్టింది వేరే లైను. పాస్‌వర్డ్ ఎక్కడ దాచాలో చెప్పే పీఎస్‌కే-ఫ్లాగ్స్ (psk-flags) విలువ 1 అని ఉంటే పాస్‌వర్డ్ ఆ ఫైలులో ఉండదు, యూజర్ కీరింగ్‌లో (పాస్‌వర్డ్‌లు దాచే తాళం పెట్టిన చోటు) ఉంటుంది. నావి రెండు అలాగే ఉన్నాయి. కాబట్టి పాతది తుడిచేయకముందే ప్రతి ఫైలూ తెరిచి చూడండి.

ఐడబ్ల్యూడీ పద్ధతి వేరు. అక్కడ ఫైలు పేరే వైఫై పేరు, చివర .psk ఉండాలి; లోపల సెక్యూరిటీ అనే శీర్షిక కింద పాస్‌ఫ్రేజ్ (అంటే పాస్‌వర్డే) రాస్తే చాలు. వైఫైకి తెలుగు పేరు పెట్టుకుంటే మాత్రం ఫైలు పేరును ఈక్వల్ గుర్తుతో మొదలుపెట్టి హెక్స్‌లో (0-9, a-f తో రాసే 16 అంకెల పద్ధతి, బైటుకు రెండంకెలు) రాయాలి. తెలుగులో ఒక్కో అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ మూడు బైట్లు పడతాయి. అంటే 'తిరుపతి' అన్న పేరు 21 బైట్లు, 42 హెక్స్ అంకెలు. ఇలాంటివి స్క్రిప్టుతో చేయించండి, చేత్తో రాస్తే ఎక్కడో ఒకచోట తప్పు పోతుంది.

పాతది డబ్ల్యూపీఏ సప్లికెంట్ (ఇంకో వైఫై ప్రోగ్రాము) అయి, అందులో పాస్‌వర్డ్‌కు బదులు 64 హెక్స్ అంకెల కీ ఉంటే, డబ్ల్యూపీఏ2 అనే సెక్యూరిటీ పద్ధతి వాడే రూటర్‌కు అదే సరిపోతుంది. దాని తర్వాతి పద్ధతి డబ్ల్యూపీఏ3 మాత్రమే ఉన్న రూటర్‌కు అసలు పాస్‌వర్డే కావాలి.

మూడో దారి కూడా ఉంది. నెట్‌వర్క్‌మేనేజర్‌ని ఉంచి, దాని వెనక ఐడబ్ల్యూడీని పనిచేయించడం. ఇంటి వైఫైల సెట్టింగులు ఉన్నచోటే ఉంటాయి. యూజర్‌నేమ్ అడిగే కాలేజీ వైఫైలకు మాత్రం ఐడబ్ల్యూడీ ఫైలు విడిగా రాసుకోవాలి. ఐడబ్ల్యూడీ మీద మోజు తప్ప వేరే అవసరం లేనివాళ్లకు నేను ఇదే చెబుతాను.

నేను రెండు ఫైళ్లలోని పాస్‌వర్డ్‌లను ఐడబ్ల్యూడీ ఫైళ్లలోకి కాపీ చేశాను, మిగతావి టైపు చేశాను. మామయ్యకు పాస్‌వర్డ్ చదివి వినిపించాను. అది కొత్తదానిలో పనిచేస్తుందో లేదో ఇక్కడ కూర్చుంటే తెలియదు. ఆదివారం చిత్తూరు వెళ్లి, వాళ్ల హాల్లో కనెక్ట్ అయ్యాకే పాత ఫోల్డర్ తీసేస్తాను.